మెట్రో మెట్ల దగ్గర తెరిచిన పుట

హోసూరు, మంగళవారం రాత్రి.

ఈరోజు కూడా బెంగళూరు వెళ్లి, యూనివర్సిటీ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ప్రవచనం చెప్పాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పిల్లలు దిగిపోయారు. ఒకమ్మాయి మాత్రం ఆగింది. పోయిన వారం మా హోసూరు దగ్గరి బేరిగై ఊరి పిల్ల ఒకతె నా దగ్గరికి వచ్చినప్పుడు, పక్కనున్న స్నేహితురాలు ఈమే.

"సామీ, ఆ పొద్దు దానికేం చెప్పినావు? నాలుగు దినాలాయె. హాస్టల్‌లో లేదు, ఊరికీ పోలేదు. ఫోన్ ఆఫ్."

ఆ రోజు పరీక్ష పోయిందని ఏడుస్తూ, నా చేతిలోని ధర్మగ్రంథంలో తనకేం రాసుందో చూడమంది బేరిగై పిల్ల. అడిగినవాళ్ల కోసం కళ్లు మూసుకుని ఒక పుట తెరిచి, వచ్చింది చదవడం నా పద్ధతి. ఆమె కోసం తెరిచాను గానీ చదవలేదు. జనం చూస్తున్నారన్న ఊపులో, "నీ కర్మ! నువ్వే మోయాల, నిన్ను కాపాడేవాడు లేడు!" అని గర్జించాను. అది దేవుడి మాటే అనుకుని ఆ పిల్ల దండం పెట్టి వెళ్లింది.

"నిజంగా దాంట్లో అట్లే రాసుండిందా సామీ?"

"అవునమ్మా," అన్నాను.

ఈరోజు కూడా అబద్ధమే ఆడాను. ముప్పై ఏళ్లుగా ఊరూరా సత్యం చెప్పమని అరిచినవాణ్ణి. రేపు బేరిగై వెళ్లి ఆ పిల్ల అమ్మానాన్నల ముందు నిలబడాలి. పరమాత్మా, ఏమని మొదలుపెట్టను...