డాక్టరమ్మ అడిగిన మూడో ప్రశ్న

అగ్రికో, జంషెడ్‌పూర్
17 ఆగస్టు 1986

చిరంజీవి ఛాయకు,

అమ్మ దీవెనలు. నాన్నా నేనూ బాగున్నాం. నువ్వూ శ్రీపతీ విశాఖలో అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఈ వాక్యం రాయందే ఉత్తరం మొదలుపెట్టకూడదని మా అమ్మ నేర్పింది. ఎవరైనా బాగాలేనప్పుడు కూడా రాయాలా అని ఆ రోజుల్లోనే పేచీ పెట్టాను. ఇవాళ కలం పట్టుకుని చాలాసేపు అక్కడే ఆగిపోయాను. మేం బాగానే ఉన్నాం. పైడమ్మ బాగాలేదు. దాని సంగతి తర్వాత రాస్తాను. రాసే ధైర్యం ఇంకా కూడగట్టుకుంటున్నాను.

నిన్నటి నా టెలిగ్రాం చూసి కంగారుపడి ఉంటావు. "మాత్రలు మొదలుపెట్టవద్దు, ఉత్తరం వస్తోంది" అని రాసి ఇస్తే, పోస్టాఫీసు గుమస్తా చదువుకుని, "బేటీ బీమార్ హై క్యా, మాజీ?" అని, అమ్మాయికి జబ్బు చేసిందేమోనని జాలిగా అడిగాడు. "బీమార్ కాకూడదనే బాబూ" అన్నాను తెలుగులోనే. అతనికి ఏం అర్థమైందో కానీ తల ఊపాడు.

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. గట్టిగా కురిసే వాన కాదు, ఎవరో పక్కగదిలో బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే సవ్వడి. దల్మా కొండ కనిపించడం మానేసింది. సాయంత్రం కర్మాగారం వాళ్ళు కరిగిన ఇనుప చిట్టెం పారబోసినప్పుడల్లా మేఘాల అడుగుభాగం ఎర్రబడి, మెల్లగా బూడిదరంగులోకి చల్లారుతుంది. చిన్నప్పుడు నువ్వు దాన్ని చూసి "ఆకాశానికి జ్వరం వచ్చింది" అనేదానివి. మధ్యాహ్నం కునుకు పట్టినా, మెలకువగా ఉన్నా నాకు పెద్ద తేడా తెలియడం లేదు. ఈ ఉత్తరం కూడా సగం నిద్రలో ఎవరో నా చేత రాయిస్తున్నట్టుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగలేదు. నాన్నకు ఈ వారం రెండో షిఫ్టు. రాత్రి వచ్చి చల్లన్నం తింటూ దేశాన్ని బాగుచేస్తున్నారు, నేను ఆయన్ని బాగుచేస్తున్నాను. నీ స్నేహితురాలు జానకి అడగమన్న సంగతులు నాకు తెలిసినంత రాస్తున్నాను. పరీక్ష చేసి ఇచ్చిన డాక్టరు మాట దీనికంటే పైన ఉంచుకోమను. గర్భం రాకుండా వేసుకునే ఆ మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. పళ్ళు తోముకునే వేళ పెట్టుకుంటే మరుపు రాదు. ఒక్కటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆనాటి మాత్ర దాని వేళకు వేసుకోవాలి, ఒకేరోజు రెండైనా ఫరవాలేదు. రెండో అంతకంటే ఎక్కువో తప్పిపోతే, చివరిగా తప్పిన మాత్ర ఒక్కటే వేసుకుని వరస కొనసాగించి, ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలి. మాత్ర మింగిన కాసేపటికే వాంతైతే అది లోపలికి పోయినట్టు కాదు, ఇంకొకటి వేసుకోవాలి. పాకెట్టులో చివరి ఏడు గోధుమరంగు బిళ్ళలు ఇనుము, అవి గర్భాన్ని ఆపవు. అయినా ఆ వారం మానకుండా వేసుకుంటే కొత్త పాకెట్టు మొదలుపెట్టే రోజు తప్పదు. వాళ్ళ మరిది వేసుకుంటున్న క్షయ మందుల్లాంటివి తనూ వేసుకోవలసి వస్తే ముందే డాక్టరుకు చెప్పాలి, కొన్ని మందులు ఈ మాత్ర బలాన్ని తినేస్తాయి. పిక్క వాచి నొప్పెట్టినా, గుండెలో పోటొచ్చి ఊపిరాడకపోయినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా, చూపు మసకేసినా, మాట ముద్దగా వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మాత్ర ఆపి ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తమను. నూనె మర్దనలు చేసుకుంటూ కూర్చోవద్దను.

ఇదంతా జానకికి. నీకు కాదు.

నీ ఉత్తరంలో మూడో పేజీ పదిసార్లు చదివాను. "డాక్టరు తలనొప్పులున్నాయా అని అడిగింది, లేవన్నాను. ఉన్నాయంటే ఇవ్వదేమోనని. 'పిల్లలు వద్దనుకునే ఆడది ప్రశ్నపత్రం రాసి పాసవ్వాలా?' అని నీ కరపత్రంలో నువ్వే అడిగావు కదమ్మా! పాకెట్టు బీరువాలో ఉంది. ఈసారి బయట చేరిన రోజున మొదలుపెడతాను" అని రాశావు.

అవును, ఆ వాక్యం నాదే. స్టెన్సిల్ మీద నేనే కోసి, సైక్లోస్టైల్ తీయించి, మాంగో బస్తీ నుంచి టాటానగర్ రైల్వే కాలనీ దాకా తెలుగువాళ్ళున్న ప్రతి వీధిలో పంచాను. ఆడది ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో ఆడదే తేల్చుకోవాలన్న మాట మీద ఇవాళ కూడా అంగుళం వెనక్కి తగ్గను. నీతులు చెప్పే పెద్దమనుషుల మీదా, ఎమర్జెన్సీలో కుటుంబనియంత్రణ ఆపరేషన్ల లెక్క నింపుకోవడానికి మనుషుల్ని లారీలెక్కించిన వాళ్ళ మీదా నా కోపం అలాగే ఉంది. కానీ ఆ కోపంలో నేనొక తప్పు చేశాను. ప్రశ్నలడిగేవాళ్ళందరికీ ఒకే యూనిఫారం తొడిగాను. మందుల షాపువాడు పెళ్ళయిందా అని అడిగితే నిలదీయి. డాక్టరు తలనొప్పి ఉందా అని అడిగితే, అది నిన్ను ఆపడానికి కాదు, నిన్ను బతికించుకోవడానికి. ఈ తేడా రాయడానికి నా కరపత్రంలో చోటు లేకపోయింది. ఉపన్యాసానికి మాత్రం రెండు పేజీలు దొరికాయి.

ఇప్పుడు పైడమ్మ.

నువ్వు చూశావు దాన్ని. రైల్వే కాలనీలో శనివారం చదువుల క్లాసుకు వచ్చి, "అ ఆలు నాకెందుకమ్మగోరూ, నా పేరు నాకు తెలుసు" అని నవ్వేది. ముప్పై ఎనిమిదేళ్ళు. నలుగురు పిల్లలు. అయిదోది నిలవలేదు, మనిషి సగమైపోయింది. మొగుడు తవిటయ్య లోకోషెడ్డులో ఖలాసీ. ఆపరేషన్ అంటే చాలు, ఎమర్జెన్సీలో మూడు రోజులు ఖాళీ గూడ్సు పెట్టెలో దాక్కున్న ఘనుడు. నిరోధ్ మాటెత్తితే "నానేటి సిన్నపిల్లోణ్ణా, బుడగలతో ఆడుకోడానికి" అన్నాడట. ఇక మిగిలింది మాత్ర. జనవరిలో నేనే దాన్ని రిక్షాలో జుగ్సలాయి తీసుకెళ్ళి ఒక లేడీ డాక్టరుకు చూపించాను. దోవ పొడుగునా గోదాముల ముందు బస్తాల దుమ్ము, చలి ఎండ. అది శాలువా తలమీదికి లాక్కుని, "ఇంకో కడుపొత్తే నాను బతకనమ్మగోరూ" అంది. నేను దాని చెయ్యి పట్టుకుని నా అంత మంచిదాన్ని నేనే అనుకున్నాను.

అది చుట్ట తాగుతుంది. మన శ్రీకాకుళం వైపు చాలామంది ఆడవాళ్ళలాగే అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లోపలికి పెట్టుకుని. బయటికి పొగ కనిపించదు. సాయంత్రం క్వార్టరు గుమ్మంలో కూర్చుని పీల్చినప్పుడు దాని బుగ్గ లోపలి నుంచి లేతగా ఎర్రబడేది. క్లాసు మధ్యలో నేను దాన్నే చూస్తూ చెప్పేది మరిచిపోయేదాన్ని. నాకది అంత అందంగా, అంత అసహ్యంగా ఉండేది. రెండూ ఒకేసారి.

డాక్టరమ్మ హిందీలో అడిగింది, నేను మధ్యలో కూర్చున్నాను. మొదటి ప్రశ్న వయసూ పిల్లలూ. రెండోది కామెర్లు, గుండెజబ్బు, కాళ్ళలో నరాల ఉబ్బు ఏమైనా ఉన్నాయా అని. తర్వాత బీపీ చూసింది, బాగానే ఉంది. మూడో ప్రశ్న, "బీడీ, సిగరెట్, తంబాకూ?"

చిట్టీ, ఈ ఉత్తరం ఈ ఒక్క వాక్యం కోసమే. ఆ ప్రశ్న నేను పైడమ్మకు చెప్పలేదు. "నహీ" అన్నాను.

ముప్పై అయిదు దాటి పొగ తాగేవాళ్ళకు ఈ మాత్ర ప్రమాదమని నాకు తెలుసు. కరపత్రం కోసం చదివిన పుస్తకంలోనే ఉంది. గోడ పక్కన నర్సు నిలబడి ఉంది. బెంగాలీ వాళ్ళూ బిహారీ వాళ్ళూ పదిమంది బల్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు, మా ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎన్ని సభల్లో మాట్లాడిన నోరు! పైగా, చెప్తే మాత్ర ఇవ్వదేమో, దీన్ని ఇంతదూరం తెచ్చి వట్టి చేతులతో పంపాలా అనుకున్నాను. సరిగ్గా నువ్వు అనుకున్నట్టే.

జూన్‌లో ఒక పొద్దున పైడమ్మ గంజి వారుస్తుంటే కుడిచెయ్యి గిన్నెను వదిలేసింది. మూతి పక్కకు పోయింది. ఇరుగుపొరుగు వాళ్ళు గాలి సోకిందని మధ్యాహ్నం దాకా నూనె రాశారు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ప్రాణం దక్కింది. ఆ జుగ్సలాయి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "మాత్ర వల్లే అని ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ చెప్పి ఉంటే ఆ మాత్ర ఇచ్చేదాన్ని కాదు, కాపర్-టి వేసేదాన్ని" అంది. అంతే. బయటికొస్తే వాన మొదలైంది. ఎక్కడికి వెళ్తున్నానో తెలియకుండా సువర్ణరేఖ వంతెన దాకా నడిచాను. నీళ్ళు కదులుతున్నాయో వంతెన కదులుతోందో తెలియలేదు.

పైడమ్మకు చెప్పడానికి రెండు నెలలు పట్టింది. నీ ఉత్తరం అందిన మర్నాడు, మొన్న శుక్రవారం, వెళ్ళాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాటలు ఇప్పుడు నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తాయి, ఒక్కొక్కటీ ఆగి ఆగి.

"పైడమ్మా, ఆ రోజు డాక్టరమ్మ నిన్నొకటి అడిగింది, నేను నీకు చెప్పలేదు" అన్నాను.

"బీడీ తాగుతావా అని" అంది.

"నీకు అర్థమైందా?"

"ఇరవయ్యేళ్ళై టాటానగర్‌లో ఉన్నాను. సబ్జీవాలాతో రోజూ హిందీలోనే దెబ్బలాడతాను. బీడీ అంటే తెల్దేటి?"

"మరి నువ్వెందుకు చెప్పలేదే?"

"నువ్వు నహీ అన్నావు గదా. సదూకున్న మనిషివి. సెప్పాల్సిందైతే సెప్తావు. సెప్పనేదంటే, సుట్టకీ మాత్రకీ ఏటీ సమ్మందం నేదనుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎందుకు సెప్పనేదు? ఇప్పుడు సెప్పు."

"సిగ్గేసింది."

"ఎవుల్ని సూసి?"

"వాళ్ళని. నిన్ను కూడా."

గుమ్మంలో బీడీ ముట్టించుకోబోతున్న తవిటయ్య ఆగి, అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలనిచ్చి పారేశాడు. పైడమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. చిన్నారావు, దాని ఆఖరివాడు, లోపల్నుంచి "మా, భూక్ లగీ హై" అని ఆకలికి అరిచాడు. "అయ్యనడుగు" అంది. తర్వాత నాకేసి తిరిగింది.

"మా యమ్మ కాల్సింది, మా అత్త కాల్సింది. నాకేటీ సిగ్గు నేదు. ఆ సిగ్గు నీది. నాను మోత్తన్నాను" అంది, ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి చూపించి, మళ్ళీ ఒళ్ళో పడేసి.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. "అదేటీ ఒద్దు. జడెయ్యి. ఒంటి సేత్తో అవటం నేదు" అంది. వేశాను. చిక్కు చాలా ఉంది. నొప్పెట్టినప్పుడల్లా "మెల్లిగా!" అని తిట్టింది. నీ సంగతి చెప్తే, "మరి రాయవేటి? ఈ గోడకా సెప్తావు?" అంది. అందుకే ఆ మర్నాడు పొద్దున్నే టెలిగ్రాం.

ఛాయా, ఉత్తరం చదివిన రోజే ఆ పాకెట్టు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. తలనొప్పులు లేవని చెప్పినదానివి నువ్వే, ఇప్పుడు ఉన్నాయని చెప్పు. తలనొప్పికి ముందు కళ్ళకు మెరుపులు కనిపించే వాళ్ళకు ఈ మాత్ర ఇస్తే పైడమ్మకు వచ్చినట్టే రావచ్చునని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. అది నీకు పనికిరాదంటే అదొక్కటే దారి కాదు. కాపర్-టి గురించి అడుగు. అందాకా శ్రీపతి నిరోధ్ కొనుక్కొస్తాడు. సిగ్గేస్తుందంటే ఈ ఉత్తరం మొత్తం చదివించు. నీ ఎమ్మెస్సీ పూర్తవ్వాలి. అందులో నాకు రాజీ లేదు.

పదో క్లాసు నుంచి నీకు ఆ నొప్పి వస్తోంది. నేను తడిగుడ్డ వేశాను, పుస్తకం లాక్కున్నాను, ఎండలో తిరగవద్దని గంటలకొద్దీ చెప్పాను. ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నొప్పి రాకముందు నీకు ఏం కనిపిస్తుంది? ఎంతసేపు ఉంటుంది? చెయ్యి తిమ్మిరెక్కుతుందా? మాట తడబడుతుందా? డాక్టరుకు చెప్పింది చెప్పినట్టు నాకూ రాయి. ఎంత పొడుగైనా సరే. నేను మధ్యలో మాట్లాడను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తుండే
అమ్మ,
వసంతలక్ష్మి