నొప్పి గడిలో సున్నా

హాలిఫాక్స్, 3 అక్టోబర్ 2022

ప్రియమైన భవితా,

నువ్వు అబద్ధమాడుతున్నావు.

ఫోన్ చేస్తే "బాగున్నా టీచర్" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. ల్యాబ్ నుంచి నువ్వు పంపిన వీడియోను పదిసార్లు కళ్ళు మూసుకుని విన్నాను. ఎడమ మడమ టక్కుమంటోంది. కుడి మడమ కాస్త ఆలస్యంగా, మెత్తగా పడుతోంది. ఆ కాలు దాస్తున్నావు. వరంగల్‌లో ఎనిమిదేళ్ళు నీకు కూచిపూడి నేర్పినదాన్ని, ఇక్కడి ఆసుపత్రి ఫిజియోథెరపీలో పదేళ్ళుగా విరిగిన కాళ్ళను నడిపిస్తున్నదాన్ని. నా దగ్గరా?

ల్యాబ్‌లో నీతో ఆడిస్తున్న ఆ ఫ్లెమెంకో నాట్యం నాకు రాదు. కాలు తెలుసు. మేకులు కొట్టిన ఎత్తుమడమ బూట్లతో నేలను కొడితే నేల ఊరుకోదు, అంతే బలంతో తిరిగి కొడుతుంది. ఆ దెబ్బ మడమలోంచి మోకాలి కింది ఎముక మీదుగా నడుము దాకా ఎక్కుతుంది. నిలబడ్డ కాలి మోకాలు మెత్తగా ఆడుతుంటే సగం అక్కడే చస్తుంది. నువ్వేమో మన కూచిపూడి అరమండిలో, మోకాళ్ళు సగం వంచి, బిగుసుకుని పాదమంతా ఒకేసారి వేస్తున్నావు. వట్టికాళ్ళతో చెల్లిన అలవాటు ఆ బూట్లలో చెల్లదు.

ఇంకో మాట. మీ యంత్రాలు ల్యాబ్‌లో వేసే ప్రతి అడుగూ లెక్కపెడతాయి. అది అయ్యాక వేర్‌హౌస్‌లో పొట్టకూటి పనికి కాంక్రీటు మీద ఎనిమిది గంటలు నిలబడతావే, అది ఏ యంత్రం లెక్కపెడుతుంది? విమానాల నిండా విద్యార్థుల్ని దించుకున్న ఈ దేశానికి మీ ఫీజులు కావాలి, మీ చేతులు కావాలి. కాళ్ళ సంగతి మాత్రం మీ సొంత విషయం. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిజం రాయి.
ప్రేమతో, కోపంతో,
ఝాన్సీలక్ష్మి

*

హామిల్టన్, 12 అక్టోబర్

ప్రియమైన టీచర్‌కి,

మీ కోపం అందింది. నొప్పి ఉన్నది. సెప్టెంబర్ నుంచి.

కానీ వినండి. నా మాస్టర్స్‌కి గైడు సుబ్బరాజు గారు. నాట్యంలో అడుగు దెబ్బ కాలికి ఎంత తగులుతుందో కొలిచే ఈ అధ్యయనం ఆయనది. కాలికీ నడుముకూ సెన్సర్లు అంటిస్తారు, బలం కొలిచే పలక మీద నిలబెడతారు, అరగంట అడుగులు వేయిస్తారు. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు ఒక కాగితం ఇస్తారు: నొప్పి ఎంత, సున్నా నుంచి పది దాకా. మూడు దాటితే అధ్యయనంలోంచి బయటికి. బయటికంటే అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది లేకుంటే ఫీజు కట్టలేను, వచ్చే టర్మ్ సీటు లేదు, సీటు లేకుంటే స్టడీ పర్మిట్ లేదు.

ఆయన చెడ్డవారు కాదు టీచర్. డబ్బాలో పులిహోర తెచ్చి పెడతారు. "ఏమ్మాయ్, సున్నాయేగా? మన పిల్లలు నొప్పంటారా ఎక్కడైనా!" అని నవ్వుతారు. నేనూ నవ్వి సున్నా రాస్తాను. నా రూమ్మేట్ స్వీటీ మాత్రం "నువ్వు ఎక్స్‌రే తీపియ్యకుంటే నేనే ఆ కాలు కోసి డాక్టర్‌కి ఇచ్చి వస్తనే" అంటోంది.

నా వంతు ఇంకా ఆరు వారాలే మిగిలింది.
మీ శిష్యురాలు,
భవిత

*

హాలిఫాక్స్, 20 అక్టోబర్

ప్రియమైన భవితా,

పులిహోర పెట్టేవాళ్ళంటేనే నాకు ఎక్కువ భయం. తిట్టేవాడికి ఎదురు తిరగొచ్చు. "మన పిల్లలు" అనేవాడికి ఎలా తిరుగుతావు?

ఒక పని చెయ్యి. బొటనవేలితో మోకాలి కింది ఎముకను పైనుంచి కిందికి నొక్కుకుంటూ రా. నొప్పి జానెడు మేర పరచుకుని ఉంటే కండరం, విశ్రాంతితో పోతుంది. ఒక్కచోటే, రూపాయి బిళ్ళంత మేర ప్రాణం లేచిపోయేలా ఉంటే ఎముకలో గీత పడుతోందన్నమాట. తొలిరోజుల్లో ఎక్స్‌రేకి కూడా దొరకదు, ఎమ్మారై అడుగు. ఆ గీత ఆటలో తెరుచుకుంటే కాలు నిలువునా పోతుంది.

స్వీటీకి నా దీవెనలు. ఆ పిల్లకున్న బుద్ధి మీ యూనివర్సిటీకి లేదు.

ఎదురుచూస్తూ,
టీచర్

*

హామిల్టన్, 9 నవంబర్

ప్రియమైన టీచర్,

నొక్కాను. ఒక్కచోటే.

ఎమ్మారైకి చాలా వారాలు ఆగాలన్నారు. ఈలోగా రెండు సెషన్లే మిగిలాయి. నిన్నటి నుంచి ఆ చోట మొద్దుబారినట్టుంది, నొప్పి పెద్దగా తెలియడం లేదు. తగ్గుతోందనుకుంటాను. మడమ కింద పడగానే లోపల సన్నటి చప్పుడు వస్తోంది, బూటుదే అయ్యుంటుంది.

ఉంటాను,
భవిత

*

హాలిఫాక్స్, 14 నవంబర్

భవితా, నా తల్లీ,

అది బూటు కాదు. ఆ పలక ఎక్కకు. ఫోన్ ఎత్తు.

ఝాన్సీ

*

హామిల్టన్, 4 డిసెంబర్

ప్రియమైన ఝాన్సీలక్ష్మి గారికి,

మీ ఉత్తరం నేను ఆసుపత్రిలో ఉండగా వచ్చింది. స్వీటీ చదివి వినిపించింది.

ఆ తర్వాతి సెషన్ పద్దెనిమిదో నిమిషంలో ఎముక విరిగింది. ఆ అడుగు కూడా రికార్డయింది, కంప్యూటర్‌లో గీత నిటారుగా లేచి పడిపోయింది. కాగితం మీద మాత్రం నొప్పి సున్నా, నా చేతిరాతే. రాడ్డు వేశారు. నేలమీద అరిపాదం మోపడానికే మూడు నెలలు పడుతుందట. మళ్ళీ ఆడే సంగతి ఏ డాక్టరూ ఎత్తలేదు.

సుబ్బరాజు గారు చూడడానికి వచ్చారు. ఏడ్చారు కూడా. "నీ ఫైల్లో అలా రాసుందమ్మా, అందుకే నమ్మాను" అన్నారు. ఫైలు అడిగి తెప్పించుకున్నాను. అందులో మీ సిఫార్సు ఉత్తరం ఉంది: "ఎనిమిదేళ్ళలో ఈ అమ్మాయి ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే." నన్ను తీసుకున్నది నా మార్కులు చూసి కాదు టీచర్, ఆ వాక్యం చూసి.

తొమ్మిదేళ్ళప్పుడు బండల మీద పాదం పగిలి నెత్తురొస్తే మీరు "నొప్పా?" అని అడిగారు. "లేదు టీచర్" అన్నాను. అప్పుడు మీరు నా తలమీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కోసం నేను ఎన్ని సున్నాలైనా రాస్తాను. రాశాను.

దేశాన్ని తిట్టారు, ప్రొఫెసర్‌ని తిట్టారు. అన్నీ నిజమే. మీ పేరొక్కటే ఎక్కడా రాయలేదు.

నా స్థానంలోకి హాలిఫాక్స్ నుంచి కొత్త అమ్మాయి వస్తోందని నిన్న తెలిసింది. చంద్రిక, పంతొమ్మిదేళ్ళు, అక్కడ మీరు నేర్పే ఆదివారం కూచిపూడి క్లాసు పిల్ల. ఆమెకు మీరు రాసిచ్చిన సిఫార్సు ఉత్తరం కూడా చూశాను. పేరు మారింది. వాక్యం అదే. పన్నెండో తేదీ సోమవారం ఆమె మొదటి సెషన్.

నాకు కావలసినవి:

ఆ సోమవారం లోపు చంద్రికను ఆపండి.

రెండు సిఫార్సు ఉత్తరాలనూ మీ సంతకంతో వెనక్కి తీసుకోండి.

నా సున్నాలన్నీ అబద్ధాలని నేను యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డుకు రాస్తున్నాను. ఎవరు నేర్పారో మీరు రాయండి.

వేర్‌హౌస్ గంటలు లెక్కలోకి రాకుండా ఏ విద్యార్థినీ ఆ పలక ఎక్కించకూడదని వాళ్ళను అడగండి. మీకు గట్టిగా అడగడం వచ్చు.

"నొప్పా?" అని అడిగినప్పుడు, అవునన్న పిల్ల తలమీద చెయ్యి వేయండి.

భవిత