ఆయనకి మిగిలిన మాట

ఫిబ్రవరి 11, మంగళవారం

కళ్లద్దాల షాపులో పగలంతా అందరి చేతా అక్షరాలు చదివిస్తాను. పై వరస చదవండి, ఇప్పుడు కింది వరస. ఇంటికొచ్చాక ఒక్క అక్షరం కోసం మా ఆయన నోటి వంక చూస్తాను.

పోయిన వానాకాలం, ఆదివారం మందిరంలో పాస్టర్‌గా ప్రసంగం చేస్తూ, మధ్యలో పుల్‌పిట్ దగ్గరే కుప్పకూలారు. స్ట్రోక్. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అడిగినవాళ్ల కోసం, అడగనివాళ్ల కోసం కూడా ప్రార్థన చేసిన గొంతు అది.

ఫిబ్రవరి 14

స్పీచ్ థెరపిస్ట్ అద్దం పెట్టి పెదవులు ఎలా కలపాలో చూపించింది. ఆయన అద్దంలో తనని చూసుకోలేదు. నన్ను చూశారు.

ఫిబ్రవరి 20

ఇవాళ నేను ప్రార్థన చేయలేదు. నిన్న కూడా.

ఫిబ్రవరి 23, ఆదివారం

సంఘ పెద్దలు వచ్చారు. కొత్త పాస్టర్ కుటుంబానికి, సంఘం మాకిచ్చిన ఈ ఇల్లు కావాలట. ఎండలు ముదిరేలోపు వేరే చోటు చూసుకోమన్నారు. చాలా మర్యాదగా చెప్పారు, కాఫీ బాగుందని కూడా అన్నారు. వెళ్తూ వెళ్తూ, ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉండండి అమ్మగారూ అన్నాడు వాళ్లలో పెద్దాయన.

మందిరంలో ఆశని నిరీక్షణ అంటాం. గుమ్మం దాటితే ఆ మాటకి ఎదురుచూపని అర్థం. నాకు ఆ రెండోదే మిగిలింది.

మార్చి 3

స్నానం చేయిస్తుంటే ఆయన జారారు. పట్టుకోబోతే నా నడుం పట్టేసింది. ఆయన అక్క, మా వదిన, వచ్చి లేపేదాకా ఇద్దరం బాత్రూమ్‌లో తడి నేల మీదే ఉన్నాం.

కుప్పకూలిన ఆ ఆదివారమే ఆయన పోయి ఉంటే బాగుండేది అనుకున్నాను. దేవుడు వినే ఉంటాడు. వినడం వరకే కదా, జవాబు ఎటూ లేదు.

మార్చి 12, ఉదయం

మాట వచ్చింది. వదిన సూప్ తాగిస్తూ వేడిగా ఉందా అని అడిగితే "లేదు" అన్నారు. స్పష్టంగా. వదిన చేతిలోంచి స్పూన్ జారిపోయింది. నేను షాపుకి సెలవు పెట్టేశాను.

సాయంత్రం

దాహంగా ఉందా అంటే లేదు. గ్లాసు చూసి నోరు తెరుస్తూనే లేదు. నేనెవరండీ అన్నా లేదు.

కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుందని, దానికి అర్థాలు వెతకొద్దని థెరపిస్ట్ ఫోన్‌లో చెప్పింది. మీ పెళ్లయిన కొత్తలో నువ్వు చీర అడిగినా వాడి జవాబు అదేగా అంది వదిన. నవ్వాం. తర్వాత నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మార్చి 19

కొత్త పాస్టర్ వచ్చి ఆయన తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. మంచివాడే. చివర్లో, మీలో నిరీక్షణ ఉంది కదా అయ్యగారూ అన్నారు.

"లేదు."

పాస్టర్ ఆయన తల మీంచి చెయ్యి తీసేశారు. అది జబ్బు మాటండీ అని నేనే సర్దిచెప్పి పంపించాను. తలుపేసి గడియ పెట్టాను. జబ్బు మాట కాకపోతే? ఇన్నేళ్లూ అందరికీ పంచి పంచి, లోపల నిజంగానే ఏమీ మిగలకపోతే?

మార్చి 22

సామాన్లు సర్దుతూ సర్దుతూ ఆయన మీద విరుచుకుపడ్డాను. తెల్లారగట్లే లేచి ఎవరితో మాట్లాడేవారండీ? ఇప్పుడా దేవుడెక్కడ? ఒక్కసారి, ఒక్క మాట అనమనండి. వదిన వద్దని సైగ చేస్తున్నా ఆగలేదు.

ఆ "లేదు" అయినా అంటారనుకున్నాను. అనలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి నొప్పి పుట్టింది. అయినా వదల్లేదు.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నే అడిగాను. "దేవుడు మనల్ని మర్చిపోయాడా అండీ?"

"లేదు."

ఆయనకి వేరే మాట రాదు. తెలిసే, ఆ జవాబు వచ్చేలా అడిగాను.

మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పారు.

ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. మందిరానికి వెళ్తున్నాం.