వేయించని చింతగింజలు

ఫిలింనగర్, ఆగస్టు 2001

అమ్మా, నేను బాగున్నాను. కంప్యూటర్ నేర్చుకోలేదని బాపును బెంగపడొద్దని చెప్పు.

నిన్న సినిమా బట్టలకు రంగులద్దే జంగయ్య తన తొట్టిలోని ఎర్రనీళ్లు నేను పనిచేసే ల్యాబుకు తెచ్చాడు. చింతగింజలు కాల్చి నేను చేసిన బొగ్గులోంచి వడకడితే తేటగా దిగాయి. "గంత మంచిగైతే జర తాగి చూపెట్టుండ్రి మేడమ్," అన్నాడు. రంగు పోయినంత మాత్రాన మంచినీళ్లు కావని చెప్పి పారబోశాను.

గింజలు మళ్లీ పంపు. పోయినసారి నాకోసమని ఉప్పేసి వేయించావు, ల్యాబులో అందరం తినేశాం. ఈసారి పచ్చివే కావాలి. చెల్లి పళ్లను పాడుచేసిన మన బోరు నీళ్లు కూడా ఒక క్యాను పంపు. ఫ్లోరైడును పట్టే బొగ్గు వేరే తయారు చేశాను. వడకట్టి, పరీక్ష చేశాక, ఆ నీళ్లు జంగయ్య ముందరే తాగుతాను.

చెల్లికి ముద్దులు.
నీ స్ఫూర్తి