సీటు కింద స్విచ్

షాపు యజమాని గారికి,

నమస్కారమండీ. మొన్న గడ్డి కోసే ట్రాక్టరు కోసం మావారితో వచ్చి మూలన కుర్చీలో కూర్చున్నది నేనే. సీటు మీద ఆయన్ని కూర్చోబెట్టి చూశారు. నన్ను ఒక్క మాటైనా అడగలేదు. సిగ్గుతో నేనూ నోరు విప్పలేదు. కానీ మా ఆరెకరాల గడ్డి కోసేది నేను.

మీ దగ్గర కొన్న ఆ బండి సీటుకు నా బరువు చాలక, గతుకుల్లో కాస్త పైకి ఎగిరినా కింద స్విచ్ మీద ఒత్తిడి పోయి ఇంజను ఆగిపోతోంది. నిన్న వచ్చిన మీ మెకానిక్ "సీటు కింద స్విచ్ పీకేస్తే సరి, చెల్లెమ్మా" అన్నాడు. మావారు "అంతేగా" అన్నారు. నేను కింద పడితే బ్లేడును ఆపేది ఆ స్విచ్చే కదండీ. నేను పీకనివ్వలేదు.

ఈ బండి తీసుకెళ్లండి. నాకు సరిపోయే చిన్నది చూసుకోవడానికి మళ్లీ వస్తాం. ఈసారి మూల కుర్చీ ఆయనకు వెయ్యండి.

ఇట్లు,
గడ్డి కోసే మనిషి