పక్క మంచం వడ్రంగి కుట్లు

ఇల్లాలికి,

నేను క్షేమం. పురిటింట్లో నువ్వూ, అమ్మాయీ, పసిగుడ్డూ క్షేమమని తలుస్తాను. ఈ ఆసుపత్రిలో అందరికంటే క్షేమంగా ఉన్నవాడు నా పక్క మంచం వడ్రంగి. వాడి మాట రాయకూడదనుకున్నాను గానీ, వాణ్ణి తలచుకోకుండా నాకు పూట గడవడం లేదు.

గాయం ఆరిందా అని అడిగావు. ఆరలేదు. మా ఇద్దరికీ ఒకే రోజున, ఒకే డాక్టరు హెర్నియా ఆపరేషన్ చేశాడు. వాడిది గీత గీసినట్టు అతుక్కుంది. నాది మూడు కుట్ల దగ్గర విచ్చుకుని చీము పట్టింది. వాడికి మనసుపెట్టి, నాకు చేతికొచ్చినట్టు కుట్టాడని అనుమానపడ్డాను. ముప్ఫై ఏళ్ల దర్జీని, కుట్టు చూస్తే తెలియదా? వాడికి కట్టు మార్చేటప్పుడు మెడ సాచి మరీ చూశాను. అదే దారం, అదే ఎడం, అదే ముడి. వంక పెట్టడానికి ఏమీ దొరక్క కడుపు ఇంకా మండింది. పైగా పొద్దస్తమానం "అన్నా, తలగడ సర్దనా?" అంటాడు. ఆ మంచితనానికి ఒళ్లు మండిపోయేది.

సిగరెట్టు మానేశావా అనీ అడిగావు. ఇంతసేపూ ఆ ప్రశ్నకి మొహం చాటేశాను. ఆపరేషన్‌కి నెల ముందే మానేయమని డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. పొగ తాగితే గాయానికి రక్తం సరిగా అందదట, చర్మం అతుక్కోదట. వాడు మానేశాడు. నేను నీకూ, డాక్టరుకీ మానేశానని చెప్పి, మెట్ల వెనక రోజుకి రెండు కాలుస్తూనే ఉన్నాను.

ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి ఉంది. వాడి కుట్లు విప్పే ముందురోజు వాడికో సిగరెట్టు ఇచ్చాను. స్నేహంతో కాదు. వాడి గాయమూ విచ్చుకోవాలని. వాడు వాసన చూసి, పెన్సిల్ పెట్టుకునే అలవాటుకొద్దీ చెవి వెనక దోపుకున్నాడు.

ఈ ఉదయం ఇంటికి పోతూ దాన్ని నా చేతిలో పెట్టాడు.

"ఎందుకిచ్చావో నాకు తెలుసన్నా. నీ చోట నేనున్నా ఇచ్చేవాణ్ణేమో" అన్నాడు.

వాడు వెళ్లగానే డాక్టరుకి నిజం చెప్పేశాను. నాలుగు వారాలు పొగ ముట్టకపోతే మళ్లీ కుడతానన్నాడు. ముట్టుకుంటే, కుట్టినా నిలవదన్నాడు. వాడి ఖాళీ మంచం చూస్తే ఇప్పటికీ కుళ్లుగానే ఉంది.

ఆ సిగరెట్టు ఈ కవర్లోనే పెట్టాను. నా దగ్గర మిగిలింది అదొక్కటే. నమ్ముతావో లేదో నీ ఇష్టం.

ఇట్లు,
ఈ ఒక్క ఉత్తరంలో అబద్ధం రాయని
మీ ఆయన