మెగ్నీషియం వెయ్యని ట్యూబు

3 ఫిబ్రవరి, సోమవారం

మా ల్యాబ్‌లోని ఆర్‌ఎన్‌ఏ ఎంజైమ్‌లా పనిచేస్తుంది, తనను తానే కోసుకుంటుంది. ఆ కోతకి మెగ్నీషియం అయాన్లు కావాలి. మెగ్నీషియం వెయ్యని ట్యూబులో ఏమీ జరగకూడదు. మనోజ్ఞ ట్యూబులో జరిగింది. కొద్దిగానే, కానీ జరిగింది.

ఛాయాదేవి మేడమ్, తెగిన ముక్కలు గీతల్లా కనిపించే జెల్‌ని లైటు మీద పెట్టి చాలాసేపు చూశారు. ఇది కొత్త సంగతేమోనే అమ్మాయ్, వచ్చే వారం బుధవారం సెమినార్లో నువ్వే చెప్పు, అన్నారు. పీహెచ్‌డీకి మేడమ్ తీసుకునేది మా ఇద్దరిలో ఒకరినే.

నా ఆర్‌ఎన్‌ఏ ఇంకా తయారే కాలేదు. గాజు సామాను కడిగాను.

4 ఫిబ్రవరి

మంగళగిరి బస్సు కదిలిపోతుంటే మనోజ్ఞ లోపల్నించి అరిచింది, ఆపన్నయ్యా, మా హెప్సీ వస్తోంది అని. డ్రైవర్ ఆపాడు. నేను అరిస్తే ఆపేవాడా?

నా కోసమే ఆపించింది. అయినా ఒళ్ళు మండింది.

6 ఫిబ్రవరి, సాయంత్రం 6

డిస్టిల్డ్ వాటర్ యూనిట్ హీటర్ మళ్ళీ పోయింది. ఇక్కడి నీళ్ళకి సున్నం పేరుకుని కాలిపోతుంది. నెల నుంచీ మినరల్ వాటర్ క్యానే వాడుతున్నాం. కొన్న నీళ్ళు కదా, శుభ్రమే అని అందరి నమ్మకం. పైగా ఆటోక్లేవ్‌లో ఆవిరికి ఉడికిస్తాం.

ఇవాళ క్యాన్ లేబుల్ చదివాను. మెగ్నీషియం ఉంది. రుచికి కలుపుతారు. ఆటోక్లేవ్‌లో క్రిములు చస్తాయి, లోహం చావదు.

మనోజ్ఞని కొంచెం ఆర్‌ఎన్‌ఏ అడిగాను. ఎందుకని కూడా అడగలేదు. ట్యూబంతా తీసుకోవే, నాకింకా ఉంది, అంది. ఈడీటీఏ వేశాను, అది లోహాల్ని పట్టేస్తుంది. కోత ఆగిపోయింది. అంటే కొత్త సంగతేం కాదు, నీళ్ళలోని మెగ్నీషియమే.

సంతోషమేసింది. ఎవరికీ చెప్పలేదు.

8 ఫిబ్రవరి

సెమినార్‌కి కట్టుకోమని మేడమ్ మనోజ్ఞకి తన చీర ఇచ్చారట. లేబుల్ సంగతి నేనింకా చెప్పలేదు.

10 ఫిబ్రవరి

అబద్ధం పాపమని కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు. అడగనిది చెప్పకపోవడం గురించి ఏమీ అనలేదు.

అద్దం ముందు ప్రశ్న ప్రాక్టీస్ చేశాను. ఈడీటీఏ వేసి చూశారా? 'చూశావా' కాదు. అందరి ముందు కదా.

12 ఫిబ్రవరి, బుధవారం

మూడో స్లైడు అయ్యేలోపే చెయ్యెత్తాను. ఈ కాలేజీలో ఇదే మొదటిసారి. గొంతు బాగానే వచ్చింది.

మనోజ్ఞ మొహం వెలిగిపోయింది. తర్వాతి స్లైడు అదేనే, అంది. శనివారం వేసి చూసిందట. కోత ఆగిందట. క్యాన్ లేబుల్ ఫొటో తెర మీద పెట్టి, నా గొప్ప డిస్కవరీ మనం తాగే నీళ్ళదండీ, అంది. హాలంతా నవ్వింది. మేడమ్ అందరికంటే ఎక్కువ.

తర్వాత మేడమ్ నా భుజం తట్టారు. ఇంత మంచి ప్రశ్న నీకెప్పుడు తట్టిందే, అన్నారు.

ఇప్పుడే మేడమ్, అన్నాను.

15 ఫిబ్రవరి

పీహెచ్‌డీ సీటు మనోజ్ఞకి. బందరు లడ్డూలు తెచ్చింది. మొదటిది నా నోట్లోనే పెట్టింది. ఆ రోజిచ్చిన ట్యూబు ఏం చేశావని ఇప్పటికీ అడగలేదు. నేను మింగేదాకా నా మొహమే చూస్తూ నిలబడింది.